రైలు వార్పు

ఉద్యోగం వదిలి వెళ్లిపోతాడని అనుమానం వచ్చిన మనిషిని ఆపడానికి నేను కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. అది ఇంతవరకు ఏ మేనేజ్‌మెంట్ పుస్తకంలోనూ రాలేదు. రాకపోవడమే మంచిది. బెంగుళూరు కంపెనీల్లో మనుషులను ఉద్యోగాల్లోకి తీసుకునే పనిలో ఉన్న మా బంధువుల పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు, మీ కాలంలో మనుషులు ఇట్లా ఆరు నెలలకొక కంపెనీ మారేవాళ్లు కాదు కదా మామా అని నిట్టూరుస్తారు. నేను అన్నీ తెలిసినవాడిలా తల ఊపుతాను. మా కాలం అంటే వాళ్లకు ఎప్పటిదో అనిపిస్తుంది గానీ, నేను పని మానేసి ఎంతో కాలం కాలేదు. ధర్మవరంలో ఒక పట్టుచీరల సావుకారి దగ్గర మగ్గాల షెడ్డుకు మేనేజరుగా ఉండి, మోకాళ్లు మొండికేసినప్పుడు ఇంట్లో కూర్చున్నాను. దాన్నే పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే పదవీ విరమణ అని చెప్పుకుంటున్నాను.

మాది బెళుగుప్ప వైపు మెట్టసేద్యం చేసే ఇల్లు. మబ్బు వచ్చిందా లేదా అని ఆకాశం చూడడం తప్ప వేరే విద్య మా ఇంట్లో ఎవరికీ లేదు. నేను అనంతపురంలో బీకాం చదివి, ఆ సావుకారి దగ్గర గుమాస్తాగా చేరి, స్టూలు మీద నుంచి కుర్చీలోకి ఎదిగాను. స్టూలూ కుర్చీ ఒకే గదిలో ఉండేవి. నేత నాకు రాదు. మగ్గం చప్పుడు వినిపిస్తే పని జరుగుతోందని, ఆగితే వెళ్లి చూడాలని మాత్రం తెలుసు. చాలా ఏళ్లు ఆ తెలివే సరిపోయింది.

తర్వాత హైవే పక్కన పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాయి. పొద్దున్నే తెల్లటి ఏసీ బస్సులు మా వీధి మొదట్లో ఆగి, నేతగాళ్ల కొడుకులను ఎక్కించుకొని పోయేవి. ఆడపిల్లలను రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీల బస్సులు తీసుకుపోయేవి. షెడ్డులో ఒక్కో మగ్గమే మూగబోతూ వచ్చింది. సావుకారి ఒకరోజు నన్ను పిలిచి, మనుషులను వెతుక్కొని రావడం, వచ్చినవాళ్లు పోకుండా చూసుకోవడం ఇకమీదట నా పని అన్నాడు. అంటే నేను ఒక్క పూటలో హెచ్చార్ అయ్యాను. జీతం మాత్రం గుమాస్తాదే.

మొదట ఇంటర్వ్యూలు పెట్టాను. ఐటీఐ చదివిన ఒక నేతింటి కుర్రాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ఈ పనిలోకి ఎందుకు రావాలనుకుంటున్నావని అడిగాను. వాళ్ల నాయన పోయి రమ్మన్నాడని చెప్పాడు. తర్వాత అతనే నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. నేను ఇక్కడ ఎన్నాళ్లుగా ఉన్నాను, ఏమేం ప్రమోషన్లు వచ్చాయి, ఈ ఫ్యాను ఎప్పటి నుంచి ఇట్లా కొట్టుకుంటోంది. నిజాయితీగా జవాబులు చెప్పాను. అతను మళ్లీ కనిపించలేదు.

పోయేవాళ్లను ఆపడానికి షెడ్డులో వైఫై పెట్టించాను. ఆ నెల చీరల కంటే రీల్స్ ఎక్కువ తయారయ్యాయి. పుట్టినరోజులకు కేకు కోయిద్దామని అందరి ఆధార్ కార్డులూ తెప్పించి చూస్తే, పుట్టిన తేదీ తెలియని మా నేతగాళ్లంతా కార్డుల ప్రకారం జనవరి ఒకటినే పుట్టారు. ఒకే కేకు మీద అన్ని పేర్లు పట్టవని బేకరీ అతను 'అందరికీ' అని రాసి ఊరుకున్నాడు. ఉత్తమ నేతగాడి ఫోటో గోడకు తగిలించే పథకం ఇంకా గొప్పగా నడిచింది. షెడ్డు ఊడ్చే ఆమె పొద్దున్నే దేవుళ్ల పటాలన్నిటికీ పూలు పెడుతూ, చెయ్యి ఆగక ఈ ఫోటోకూ ఒక దండ వేసింది. మధ్యాహ్నం అన్నం క్యారియరు తెచ్చిన ఆ నేతగాడి అత్త వాకిట్లోంచే దండను చూసి, క్యారియరు కింద పడేసి గుండెలు బాదుకుంది. అల్లుడు, కాళ్లు దించుకొని నేసే మగ్గం గుంతలోంచి లేచి నిలబడే దాకా ఆమెను ఎవరూ ఆపలేకపోయారు.

ఆ ఫోటోలోని మనిషి గురించే ఈ కథంతా. షెడ్డులో అందరూ అతన్ని మైకు అనేవాళ్లు. అన్ని మగ్గాల చప్పుడు మీదా అతని గొంతే వినిపించేది. పాడేవాడు, వెక్కిరించేవాడు, క్రికెట్ వ్యాఖ్యానం చెప్పేవాడు, తన చేతిలాంటి చెయ్యి జిల్లాలో లేదని తనే చాటుకునేవాడు. ఆ మాట అబద్ధం కాదు కాబట్టి మాకు ఇంకా కోపంగా ఉండేది. ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. ఆలస్యంగా వచ్చేవాడు, టీ బాగాలేదని తిరగ్గొట్టేవాడు, నా చొక్కా మీద వ్యాఖ్యానం చేసేవాడు. పెద్ద అంచు చీర అడిగిన ఏ పెళ్లివారైనా చివరికి అతని మగ్గం మీది చీరే తీసుకుపోయేవాళ్లు. అతను పోతే ఈ గుంత మగ్గాలన్నీ ఎత్తేసి మరమగ్గాలు పెడతానని సావుకారి చాలాసార్లు అన్నాడు. మరమగ్గాలకు నాలాంటి మేనేజరు అక్కర్లేదని నాకు తెలుసు.

ఇక్కడ మీకు ఒక పద్ధతి చెప్పాలి. చీరకు నిలువు దారాలు పడుగు, అడ్డం దారాలు పేక. ఆ పడుగును మూడు నాలుగు చీరలకు సరిపడా పొడవు తీసి మగ్గానికి ఎక్కిస్తారు. దాన్ని మావైపు వార్పు అంటారు. వార్పు మగ్గం మీద ఉండగా నేతగాడు పని వదిలి పోకూడదు. సావుకారి కూడా పొమ్మనకూడదు. చెయ్యి మారితే బట్టలో తెలిసిపోతుంది. వార్పు మధ్యలో లేచినోడు అని ఒకసారి పేరు పడితే ఆ వీధుల్లో ఇంకెవరూ అతనికి పని ఇవ్వరు. చివరి చీర కోసి, వార్పు దిగిన రోజు మాత్రం మాటల రోజు. మేనేజరు మగ్గం దగ్గరికి వెళ్లి 'ఎక్కిద్దామా?' అని అడుగుతాడు. నేతగాడికి ఏవైనా కోరికలుంటే, కోపాలుంటే అప్పుడే చెప్పుకుంటాడు. ఉండేవాడైతే 'ఎక్కిద్దాం' అంటాడు. పోయేవాడు ఏమీ అనడు. భుజం మీది తువ్వాలు తీసి, తను కూర్చున్న చోటు దులుపుతాడు. వచ్చేవాడికి శుభ్రంగా ఉండాలని. ఆ తర్వాత ఎవరూ బతిమాలరు.

ఒక ఉగాది ముందర మైకు పాడడం మానేశాడు. అతని భార్య డిగ్రీ చదివిన అమ్మాయి. ఆమెకు కదిరి దగ్గర ఒక గ్రామ సచివాలయంలో ఉద్యోగం వచ్చిందని మాకందరికీ తెలుసు. ఆ రోజు నేనే మిఠాయి తెప్పించాను. ఆమె కదిరిలో ఇల్లు అద్దెకు తీసుకొని వెళ్లిపోయింది. ఇతను కుళాయి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి ఫోన్లు మాట్లాడుతున్నాడు. కదిరి రైలు ఎన్నింటికని అందరినీ అడుగుతున్నాడు. పోతున్నాడని నాకు అర్థమైపోయింది. ఏమప్పా, నీ ఆలోచన ఏమిటి అని ఒక్క మాట అడగొచ్చు కదా అని మీరంటారు. అడిగితే పోతున్నానంటాడని భయం. అడగకపోతే అనడు కదా. అప్పట్లో ఈ తర్కం నాకు చాలా గట్టిగా కనిపించింది.

అతను చివరి చీర కోసి ఇచ్చి, రెండు రోజుల్లో వచ్చి మాట్లాడతానని చెప్పి కదిరి వెళ్లాడు. వచ్చేది మాటల రోజు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, తెల్లవారేసరికి ఉపాయం పట్టింది. వార్పు మధ్యలో పోకూడదు కదా. అయితే వార్పును అంతం లేకుండా చేస్తే సరి. మామూలుకు మూడింతల పొడవు తీయించాను. పడుగు తీసే అతను రెండుసార్లు అడిగాడు, పొడవు సరిగ్గానే చెబుతున్నానా అని. మాటిమాటికీ కొత్త వార్పు అతికించే శ్రమ తగ్గుతుందని సావుకారికి చెప్పాను. రంగు ఏదో ఒకటి చెప్పమంటే తొందరలో వంకాయ రంగన్నాను.

పాత వార్పు కొసలకు కొత్త దారాలను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతికే పని మా షెడ్డులో ఒక ముసలామెది. అందరూ ఆమెను పెద్దమ్మ అంటారు. వేళ్లకు బూడిద రాసుకొని కూర్చున్నదల్లా, ఆ వార్పు చుట్టను చూసి చెయ్యి ఆపింది.

"ఏమప్పా మేనేజరూ, ఇది వార్పా, రైలా?"

కొత్త పద్ధతి అన్నాను.

"మగ్గానికి గడతాండావా, మనిషికి గడతాండావా?" అంది. నేను పని ఉన్నవాడిలా లేచి వెళ్లిపోయాను. సాయంత్రానికల్లా షెడ్డులో ప్రతి ఒక్కరికీ సంగతి తెలుసు. తెలియదని నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ వార్పుకు రైలు అనే పేరు కూడా అప్పుడే స్థిరపడింది.

మైకు తిరిగి వచ్చేసరికి వార్పు ఎక్కి ఉంది. అతను మగ్గం పక్కన నిలబడి, పడుగు చుట్టిన కర్ర లావు చూశాడు. నా గది వైపు చూశాడు. నేను ఫోను చెవిదగ్గర పెట్టుకొని అవతల ఎవరూ లేకుండానే మాట్లాడుతున్నాను. ఎక్కిన వార్పును కాదంటే మధ్యలో లేచినట్టే కదా, చెప్పులు విడిచి గుంతలోకి దిగాడు. గొప్ప గెలుపు గెలిచినట్టు నేను టీ తెప్పించుకున్నాను.

ఆ నెలంతా నా వైభవం చూడాలి. టీ అంగడి దగ్గర ఇంకో ఇద్దరు షెడ్డు మేనేజర్లకు నా పద్ధతిని విడమరిచి చెప్పాను. మనిషిని కాదు, పరిస్థితిని పట్టుకోవాలి అని ఒక సూత్రం కూడా తయారుచేశాను. వాళ్లు తలలూపారు. ఒకాయన మాత్రం అడిగాడు, అట్లయితే మీరు కూడా ఆ వార్పుకు కట్టుబడినట్టే కదా అని. అదేదో లోకజ్ఞానం లేని ప్రశ్నలా నవ్వేశాను.

మొదట తగిలింది రంగు. ఒకే వార్పు మీద పడుగు రంగు మారదు. చీర తర్వాత చీర వంకాయ రంగే దిగుతోంది. సావుకారి అంగట్లో కూర్చొని, ఈ ఏడంతా మనం కూరగాయలే అమ్మాలా అప్పా అని అడిగాడు. మార్చడానికి లేదు, వార్పు మధ్యలో ఉన్నాం.

తర్వాత తగిలింది నాకే. అనంతపురంలో కొత్తగా పెడుతున్న ఒక బట్టల షోరూము వాళ్లు నన్ను మేనేజరుగా రమ్మన్నారు. ఏసీ గది, గుండ్రంగా తిరిగే కుర్చీ. చూడ్డానికి వెళ్లినప్పుడు ఎవరూ లేని సమయంలో ఆ కుర్చీలో రెండు చుట్లు తిరిగాను కూడా. శ్రావణమాసం పెళ్లిళ్ల లోపల చేరాలన్నారు. సావుకారి దగ్గరికి వెళ్లి, ఎంతో బాధపడుతున్నవాడిలా ముఖం పెట్టి చెప్పాను. ఆయన ఫోనులోంచి తల ఎత్తలేదు.

"పోప్పా, వద్దంటినా. ఆ రైలు ఎక్కిచ్చింది నువ్వే కదా. అది దిగినాక పో" అన్నాడు.

మెడకు తాడు ఎక్కడ బిగిసిందో చూసుకుంటే ముడి నేను వేసిందే. ఆ రోజు నుంచి మైకు ఎప్పుడు ఎంత నేశాడన్న దాని మీద నాకు పుట్టిన శ్రద్ధ ఏ అధికారికీ ఏ ఉద్యోగి మీదా పుట్టి ఉండదు. గంటకోసారి వెళ్లి మగ్గం దగ్గర నిలబడేవాణ్ణి. నిలబడితే పడుగు తరగదని తెలిసి, సాయం చేద్దామని కూర్చున్నాను. పేక దారాన్ని చిన్న గొట్టాలకు చుట్టి ఇవ్వాలి, వాటిని కండెలంటారు. పిల్లలు కూడా చుట్టగలరని పెద్దమ్మ రాట్నం నా ముందు పెట్టింది. పిల్లలు చుట్టగలరేమో. నేను చుట్టిన కండెల్లో దారం మధ్యలో ఉబ్బి, పేకను అటూ ఇటూ మోసే నాడెలో పెడితే ఇరుక్కుపోయేది. మేనేజరు నేల మీద కూర్చొని కండెలు చుడుతున్నాడని పక్క షెడ్డు వాళ్లు టీ వేళకు చూడ్డానికి వచ్చేవాళ్లు.

ఒక మధ్యాహ్నం మైకు నా కండెను వేళ్ల మధ్య పట్టుకొని అందరికీ చూపించాడు. చాలా రోజుల తర్వాత అతని గొంతు మళ్లీ మైకులా లేచింది.

"సార్ చుట్టిన కండె చూడండప్పా, నిండు నెలలతో ఉండాది."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయి, కండెను మెల్లగా పక్కన పెట్టాడు. ఏమైందని అడిగాను. ఆ షెడ్డులో అన్నేళ్లలో నేను ఒక నేతగాణ్ణి పని గురించి కాకుండా అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో.

అతని భార్యకు నెలలు నిండుతున్నాయి. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు నిలిచిన కాన్పు. రెండుసార్లు పోయిందట అంతకుముందు. డాక్టరమ్మ ఉద్యోగానికి సెలవు పెట్టించి, మంచం దిగొద్దంది. ఆమెకు తల్లి లేదు, ఇతని తల్లి కళ్లు కనిపించని మనిషి. ఇంతకుముందు దండను చూసి ఏడ్చిన అత్త అతని భార్యకు పిన్నమ్మే. ఆమెకు తన ఇల్లే సరిపోతుంది. ఆదివారం పొద్దున ఇతను పోయి వారానికి సరిపడా కూరగాయలు, నీళ్లు పెట్టి, రాత్రి బండికి తిరిగొస్తున్నాడు. శ్రావణం మొదట్లో కాన్పు అన్నారు.

"ఆలోపు ఇది దించేసి పోవాల సార్. బిడ్డ వచ్చినాక ఒక్కతే యాడ చేసుకుంటాది?" అన్నాడు.

సిగ్గు వేసింది, భయం కూడా వేసింది. నేను తిరిగే కుర్చీ కోసం కండెలు చుడుతున్నాను, అతను దేనికోసం నేస్తున్నాడో ఇన్నాళ్లూ నాకు తెలియలేదు. వెళ్లిపో అన్నాను. మిగిలింది ఎవరితోనైనా నేయించుకుంటామన్నాను. అతను నా వైపు చూసిన చూపు, నేను బీకాం ఎట్లా పాసయ్యానో అని ఆశ్చర్యపోయినట్టుంది. వార్పు మధ్యలో లేచినోడు అనిపించుకొని, కదిరిలో రేపు ఎవరిని పని అడగాలని గొణిగి, మళ్లీ నాడె విసిరాడు.

ఆ తర్వాత షెడ్డంతా ఆ వార్పు వెంట పడింది. ఎవరూ చెప్పకుండానే మిగతా నేతగాళ్లు తమ పని అయ్యాక అతనికి కండెలు చుట్టిపెట్టేవాళ్లు. నావి మాత్రం విడిగా ఒక బుట్టలో వేసి ఉంచేవాళ్లు, ఎవరూ వాడకుండా. కర్ర మీద లావు తగ్గుతూ వచ్చింది. నేను షోరూము వాళ్లకు ఫోను చేసి ఇంకొన్నాళ్లు ఆగమన్నాను. వాళ్లు సరే అన్న తీరు నాకు నచ్చలేదు.

ఆషాఢం ఇంకా అయిపోలేదు. మేఘాలు వచ్చి, చుట్టం చూపుగా మా ఊరి మీద నిలబడి, యథాప్రకారం వెళ్లిపోయిన ఒక పొద్దున, మైకు ఫోను మోగింది. పక్కింటివాళ్లు అతని భార్యను ఆటోలో కదిరి ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. నొప్పులు ముందే వచ్చాయి. ఇతను ఫోనులో ఆమెతో మాట్లాడుతుంటే అన్ని మగ్గాలూ ఆగాయి.

"ఇప్పుడే బయల్దేరతాండా. భయపడాకు" అంటున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నాలుగు దినాలు ఉంటా. మల్లా రావాల కదా, వార్పు ఇంకా మీదుండాది. ఒకటిన్నర చీర. దించేసి వచ్చేస్తా. ఏడవాకు."

అవతల ఆమె ఏమందో మాకు వినపడలేదు. అతను ఫోను పెట్టేసి, చొక్కా వెతుక్కుంటూ, నాడెను జాగ్రత్తగా పక్కకు పెడుతున్నాడు, తిరిగొచ్చి అక్కడి నుంచే మొదలుపెట్టడానికి. నాలుగు రోజుల బిడ్డను, పచ్చి బాలింతను వదిలి ఈ మనిషి ఈ వంకాయ రంగు దగ్గరికి తిరిగి వస్తాడు. తప్పకుండా వస్తాడు. నేను కనిపెట్టిన ఉపాయం అంత బాగా పనిచేస్తోంది.

పెద్దమ్మ ముందున్న కత్తెర తీసుకున్నాను. ఏం చేస్తున్నానో నాకే సరిగ్గా తెలియదు. మగ్గం దగ్గరికి వెళ్లి, సగం నేసిన చీర ముందు పడుగులో కత్తెర పెట్టాను. జీవితంలో ఎన్నడూ నా చేత ఎవరూ రిబ్బను కోయించలేదు. ఇదే నా మొదటి ప్రారంభోత్సవం. అది చిన్న కత్తెర, పట్టు గట్టిది. దారాలు కొరికినట్టు తెగుతున్నాయి. మైకు "సార్" అని ఒక్క కేక వేశాడు. నేతగాళ్లందరూ లేచి నిలబడ్డారు.

"కోసేది గూడా రాదా నీకు?" అని పెద్దమ్మ వచ్చి, పడుగును రెండు చేతులతో బిగించి పట్టింది. "ఇప్పుడు కొయ్యి."

కోశాను. వంకర టింకరగా, ఈ చివర నుంచి ఆ చివరకు. తెగిన పడుగు వదులై కిందికి జారింది. వార్పు దిగింది. దించింది సావుకారి మనిషినైన నేను, తప్పు మా పక్షానిది కాబట్టి మధ్యలో లేచాడని అతన్ని ఎవరూ అనడానికి లేదు. అంతవరకు బాగానే ఉంది. కానీ అన్నేళ్ల అలవాటు పాడుది, వార్పు దిగగానే నా నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది.

"ఎక్కిద్దామా?"

మైకు నన్ను చూశాడు, కత్తెరను చూశాడు. కళ్లు నిండి ఉన్నాయి, నవ్వొస్తోంది, రెండింటిలో ఏది చేయాలో తేలడం లేదు. "వచ్చి చెప్తా సార్" అని పరుగెత్తాడు. ఎవరో బండి తీశారు, అతన్ని ఎక్కించుకొని పోయారు.

మధ్యాహ్నం సావుకారి వచ్చాడు. సగం చీరను చూశాడు, అల్లాడుతున్న దారాలను చూశాడు. నేను జరిగింది చెప్పాను. అరుస్తాడని ఒక జవాబు, పోవద్దని బతిమాలతాడని ఇంకో జవాబు సిద్ధం చేసుకొని ఉన్నాను. రెండోదాన్నే బాగా సాధన చేశాను. మీ అభిమానం మరువలేను గానీ నా నిర్ణయం మారదు అని ఉంటుంది అందులో.

"రైలు దిగిందిలే. షెడ్డు తాళాలు యాడుండాయి?" అన్నాడు.

అంతే. పనివాళ్లను నిలబెట్టుకోవడానికి కేకులు కోసినవాణ్ణి, ఫోటోలు తగిలించినవాణ్ణి, నన్ను నిలబెట్టుకోవడానికి ఒక టీ కూడా ఎవరూ తెప్పించలేదు. తాళాలు నా జేబులోనే ఉన్నాయి. చెయ్యి కూడా జేబులోనే ఉంది. బయటికి రాలేదు. ఇంట్లో మరిచిపోయానని చెప్పాను. మరుసటి రోజూ మరిచిపోయాను. ఆ తర్వాత రోజు ఆయన అడగడం మరిచిపోయాడు.

మైకు మిఠాయి పొట్లంతో వచ్చాడు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. రైలు దిగి ఆసుపత్రికి చేరేసరికి పాప పుట్టేసిందట, తన గొంతు వినగానే ఏడుపు ఆపిందని అప్పుడే గొప్పలు మొదలుపెట్టాడు. తర్వాత నా ఎదురుగా స్టూలు మీద కూర్చొని, అసలు సంగతి చెప్పాడు. పని మానేయాలని అతను ఎప్పుడూ అనుకోలేదు. కదిరిలో తన ఇంట్లోనే మగ్గం వేసుకొని మా చీరలే నేస్తానని అడగాలనుకున్నాడు.

"ఆ ఇల్లు చూసిందే దానికి సార్. మగ్గం పట్టేంత ఎత్తుండాది మిద్దె. గుంత తవ్వాకండి అన్నాడు ఇంటాయన, స్టాండు మగ్గం ఏసుకుందామనుకొంటి. వార్పు దిగినాక మాట్లాడదామని ఉంటి." కొంచెం ఆగాడు. "మీరు దిగనిస్తిరా?"

ఉగాది ముందర ఒక్క మాట అడిగి ఉంటే ఆ సాయంత్రానికే తేలిపోయే విషయం అది. దాన్ని ఆషాఢం దాకా లాగడానికి ఎంత పట్టు పట్టిందో మీరు చూశారు. సావుకారి దగ్గరికి వెళ్లి ఇద్దరం అడిగాం. ఆయన కొంచెం ఆలోచించి, మగ్గం ఇస్తే ఇవ్వొచ్చు గానీ, వార్పులు మోసుకొని కదిరికి తిరిగేది ఎవరు అన్నాడు. మేనేజరు పోతున్నాడు కదా అని నన్ను చూపించాడు.

మైకు నా వైపు తిరిగాడు. ఈసారి గొంతు పెద్దది చేయలేదు.

"ఎక్కిద్దామా సార్?"

గుమాస్తాగా చేరిన రోజు నుంచి ఎన్ని వందల మందిని నేను ఆ మాట అడిగానో లెక్క లేదు. నన్ను ఒక్కరూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు, నేను మగ్గం మీద లేను కదా. చెప్పడానికి సాధన చేసిన జవాబు ఏదీ పనికి రాలేదు.

"ఎక్కిద్దాం" అన్నాను. షోరూములో ఆ కుర్చీ ఇప్పుడు ఎవరిని తిప్పుతోందో నాకు తెలియదు.

ఆ తర్వాత పని చేసినన్నేళ్లూ వార్పు చుట్ట ఒళ్లో పెట్టుకొని కదిరి బస్సులో తిరిగాను. పక్కన పెద్దమ్మ, బూడిద పొట్లంతో. కోసిన సగం చీరతో మైకు భార్య పాపకు లంగా కుట్టించింది, వంకర అంచును లోపలికి మడిచి. మా షెడ్డులో ఇంకా ముగ్గురు నలుగురు తమ ఊళ్లకు మగ్గాలు తీసుకుపోయారు, ఒకరు బుక్కరాయసముద్రానికి కూడా. మరమగ్గాలు కొన్ని వచ్చాయి. చాలామంది మాకు దక్కలేదు, నేను కారణమేమిటని అడిగాను, చెప్పారు, పోయారు. కానీ నేను పంపే వార్పులు మాత్రం బాగా పొట్టివి, రెండు చీరలకు మించవు. ఎందుకింత పొట్టిగా తీయిస్తున్నావని సావుకారి విసుక్కునేవాడు. పొడవైతే మళ్లీ మాటల రోజు ఎప్పటికి వస్తుందో అని చెప్పడానికి మొహమాటపడి, రంగులు మారుతుంటే మంచిదని చెప్పేవాణ్ణి.

మోకాళ్లు ఇక బస్సు మెట్లు ఎక్కలేమన్నప్పుడు తాళాలు నిజంగానే ఇచ్చేశాను. నా చోట వచ్చిన మేనేజరు ఒక చురుకైన అమ్మాయి. ఆమెకు దారి చూపించడానికి చివరిసారి కదిరి వెళ్లాను. మైకు చివరి చీర కోసి మడత పెడుతున్నాడు. నేను ఎప్పుడూ కూర్చునే స్టూలు మీద కూర్చొని, అలవాటుగా అడిగాను, ఎక్కిద్దామా అని. అడిగాక గుర్తొచ్చింది, అది ఇక నేను అడగాల్సిన మాట కాదని. ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఆ నోరు గల మనిషి ఒక్క మాట కూడా అనలేదు. నన్ను చెయ్యి పట్టి మెల్లగా లేపాడు. తన భుజం మీది తువ్వాలు తీసి, నేను కూర్చున్న స్టూలును దులిపాడు.